ఆలిండియా బార్ పరీక్ష ఎప్పుడు రాయాలో నిర్ణయించుకోవడం ఎలా

లా పట్టా చేతికి వచ్చి, రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్ పూర్తయి, నల్లకోటు వేసుకుని కోర్టుకు వెళ్లడం మొదలుపెట్టిన తరువాత కూడా మన రెండు తెలుగు రాష్ట్రాల్లోని జూనియర్ న్యాయవాదుల్లో చాలామంది, ప్రాక్టీసు హక్కు నిలవాలంటే ఎన్‌రోల్ అయిన రెండేళ్లలోగా పాసవ్వవలసిన ఆలిండియా బార్ పరీక్షను వాయిదాల మీద వాయిదాలు పడే సివిల్ దావాలాగానే చూస్తుంటారు. ముందు సీనియర్ దగ్గర పని నేర్చుకుందాం, చట్టాల మీద కొంచెం పట్టు వచ్చాక రాద్దాం, ఇంకా రెండేళ్ల గడువు ఉంది కదా అన్నవి వారు చెప్పే కారణాలు. వీటిలో మొదటి రెండూ వినడానికి సబబుగానే ఉంటాయి కానీ ఆ పరీక్ష స్వభావానికి సరిపోవు. మూడోది లెక్క వేసి చూస్తే నిలబడదు. అర్హత వచ్చిన తరువాత జరిగే మొట్టమొదటి పరీక్షకే కూర్చోవాలన్నది నా అభిప్రాయం. అయితే ఎవరికి ఆ మొదటి పరీక్ష ఏది అవుతుంది, ఎవరు ఆగడం మంచిది అన్నవి ఒక్కొక్కరి పరిస్థితిని బట్టి తేలే సంగతులు కనుక, వాటిని లెక్కగట్టుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

పరీక్ష మీకు వర్తిస్తుందా

2009–10 విద్యా సంవత్సరం నుంచి లా పూర్తిచేసినవారికే ఈ పరీక్ష తప్పనిసరి. 1990లలో పట్టా తీసుకుని, ఉద్యోగంలో స్థిరపడి, పదవీ విరమణ తరువాత ఇప్పుడు ఎన్‌రోల్ అవుతున్న పెద్దలు దీన్ని రాయనక్కరలేదు. నలభై అయిదేళ్లు దాటినవారిని న్యాయవాదులుగా చేర్చుకోకూడదన్న పాత నిబంధనను సుప్రీంకోర్టు 1995లోనే కొట్టివేసింది కనుక వారికి వయసు అడ్డంకి కూడా లేదు. అదే వ్యక్తి మూడేళ్ల కోర్సును 2012లోనో 2018లోనో పూర్తిచేసి ఉంటే మాత్రం, తల ఎంత నెరిసినా పరీక్ష రాయవలసిందే. పరీక్షకు వయోపరిమితి లేదు, ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి కూడా లేదు.

ఈ పరీక్ష చెల్లదని ఎప్పుడో ఒకప్పుడు కోర్టు కొట్టివేస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్నవారు కొన్నేళ్ల కిందటి వరకు ఉండేవారు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2010లో దీన్ని తప్పనిసరి చేసి, 2011 మార్చి 6న మొదటి పరీక్ష నిర్వహించినప్పటి నుంచి దాని చెల్లుబాటు మీద వ్యాజ్యాలు నడిచాయి. 2023 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, ఇలాంటి పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఉందని, దాన్ని ఎన్‌రోల్‌మెంట్‌కు ముందు పెట్టాలో తరువాత పెట్టాలో కూడా అదే నిర్ణయించుకోవచ్చని తేల్చిచెప్పింది. ఆ ఆశతో వాయిదా వేయడానికి ఇక ఆస్కారం లేదు.

రెండేళ్ల గడువు అసలు లెక్క

ఎన్‌రోల్‌మెంట్ జరిగిన తేదీ నుంచి రెండేళ్ల వరకు మీది తాత్కాలిక నమోదు మాత్రమే. ఆలోగా పరీక్షలో ఉత్తీర్ణులు కాకపోతే, ఉత్తీర్ణులయ్యేదాకా ప్రాక్టీసు చేసే హక్కు నిలిచిపోతుంది. రెండేళ్లంటే నాలుగైదు అవకాశాలు వస్తాయని చాలామంది అనుకుంటారు. గడిచిన పరీక్షల తేదీలను వరుసగా పెట్టి చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది. పదిహేనో పరీక్ష 2021 జనవరి 24న, పదహారోది అదే ఏడాది అక్టోబరు 31న, పదిహేడోది 2023 ఫిబ్రవరి 5న, పద్దెనిమిదోది 2023 డిసెంబరు 10న, పందొమ్మిదోది 2024 డిసెంబరు 22న, ఇరవయ్యోది 2025 నవంబరు 30న జరిగాయి. అన్నీ ఆదివారాలే.

ఇప్పుడు 2021 నవంబరులో ఎన్‌రోల్ అయిన ఒక జూనియర్‌ను ఊహించుకోండి. పదహారో పరీక్ష అంతకు కొద్ది రోజుల ముందే అయిపోయింది. తరువాతిది 2023 ఫిబ్రవరిలో, అంటే పదిహేను నెలలకు వచ్చింది. ఆ తరువాతిది 2023 డిసెంబరులో జరిగేనాటికి ఆయన రెండేళ్లు ముగిసిపోయాయి. అంటే రెండేళ్ల గడువులో ఆయనకు దక్కింది ఒకే ఒక్క పరీక్ష. ఆ ఒక్కదాన్ని "ఇంకా టైముంది" అని వదిలేసి ఉంటే, సొంతంగా వకాలత్ వేసే హక్కు లేకుండా ఆ డిసెంబరు పరీక్షకు వెళ్లవలసి వచ్చేది. దాని ఫలితం 2024 మార్చి చివరికి గాని రాలేదు.

ఒకసారి ప్రకటించిన తేదీయే ఖాయమని నమ్మడానికి కూడా వీల్లేదు. పద్దెనిమిదో పరీక్షను మొదట 2023 అక్టోబరు 29కి ప్రకటించి, ఆ తరువాత వెనక్కి జరుపుతూ జరుపుతూ డిసెంబరు 10న నిర్వహించారు. పందొమ్మిదో పరీక్ష కూడా 2024 నవంబరు 24 నుంచి డిసెంబరు 1కి, అక్కడి నుంచి డిసెంబరు 22కి మారింది. ఫలితాలకు సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి అంతకు మించి కూడా. ఏడాదికి రెండుసార్లు నిర్వహిస్తామన్న మాట ఎప్పుడు విన్నా సంతోషించవచ్చు గాని, మీ లెక్కను మాత్రం ఏడాదికి ఒక్కటే జరుగుతుందన్న అంచనా మీదనే వేసుకోవాలి.

లెక్క వేసుకునే పద్ధతి ఇది. ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ మీది తేదీని ఒక కాగితం మీద రాసి, దాని కింద రెండేళ్ల తరువాతి తేదీని రాయండి. ఆ రెండో తేదీ నుంచి ఫలితాలకు పట్టే నాలుగు నెలలను, పరీక్ష వాయిదా పడితే పోయే మరో రెండు నెలలను వెనక్కి లెక్కపెట్టండి. వచ్చిన తేదీ తరువాత జరిగే పరీక్షలను మీవి కావనుకోండి. మిగిలిన ఏడాదిన్నరలో నోటిఫికేషన్లు ఒకటి రావచ్చు, రెండు రావచ్చు. ఒక్కటే వస్తే ఆలోచించే అవసరమే లేదు. రెండు వస్తే మొదటిదానికి కూర్చుని, రెండోదాన్ని తప్పిపోయినప్పటి ఆసరాగా ఉంచుకోవాలి. మొదటిదాన్ని వదిలి రెండోదాని మీద ఆధారపడటం తిరగేసిన పద్ధతి.

ఈ లెక్కను చూసి, ఎన్‌రోల్‌మెంట్‌నే ఆలస్యం చేసుకుంటే గడువు కూడా వెనక్కి జరుగుతుంది కదా అని కొందరు తెలివిగా ఆలోచిస్తారు. అది మేలు చేయదు. బార్‌లో సీనియారిటీ నమోదు తేదీ నుంచే లెక్కకు వస్తుంది. ముందు ముందు ప్రాక్టీసు సంవత్సరాలు అడిగే ఏ పదవికైనా ఆ తేదీయే పునాది. చేయదగిన పని దీనికి పూర్తిగా భిన్నమైనది. పరీక్ష రిజిస్ట్రేషన్ గడువు ముగిసేలోగా ఎన్‌రోల్‌మెంట్ నంబరు చేతిలో ఉండేలా చూసుకోవాలి. గడువు ముగిసిన మరుసటి వారం ఎన్‌రోల్ కావడమే అన్నిటికంటే నష్టం, ఎందుకంటే మీ రెండేళ్లు అప్పుడే మొదలవుతాయి కానీ పరీక్ష మాత్రం చాలా దూరంలో ఉంటుంది.

ఆ నంబరు రావడంలో జరిగే జాప్యానికి కారణం ఎక్కువగా బార్ కౌన్సిల్ కాదు, మన కాగితాలే. యూనివర్సిటీ నుంచి ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, కాలేజీ నుంచి టీసీ రావాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, డిగ్రీ పట్టాలో పొడి అక్షరం మాత్రమే ఉంటే, లేదా తండ్రి పేరులో ఒక అక్షరం తేడా వస్తే, అఫిడవిట్లతో తిరగడానికే వారాలు పోతాయి. ఆఖరి సెమిస్టర్ పరీక్షలు రాస్తున్నప్పుడే ఈ మెమోలన్నీ పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూసుకున్నవారు ఒక పరీక్షను ముందే అందుకుంటారు. ఫీజు సంగతికి వస్తే, గౌరవ్ కుమార్ కేసులో 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం చట్టంలో ఉన్న 750 రూపాయలకు, ఎస్సీ ఎస్టీలకయితే 125 రూపాయలకు మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు వసూలు చేయకూడదు. డబ్బు సమకూరలేదని ఎన్‌రోల్‌మెంట్‌ను వాయిదా వేయవలసిన రోజులు పోయాయి.

ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నవారు

ఆఖరి సెమిస్టర్‌కు అర్హత పొందిన విద్యార్థులను, పట్టా పొందడం అనే షరతుకు లోబడి, పరీక్షకు అనుమతించవచ్చన్న సూచనను 2023 తీర్పులోనే సుప్రీంకోర్టు ఆమోదించింది. పందొమ్మిదో పరీక్షకు ఆఖరి సంవత్సరం విద్యార్థులను నమోదు చేసుకోవాలని 2024 సెప్టెంబరులో మధ్యంతర ఆదేశం కూడా ఇచ్చింది. మీరు రాయదలచుకున్న పరీక్ష నోటిఫికేషన్ ఈ అవకాశం ఇస్తుంటే, బ్యాక్‌లాగ్‌లు లేనివారు దాన్ని వదులుకోకూడదు. సీపీసీ (సివిల్ ప్రొసీజరు కోడ్), సాక్ష్య చట్టం, కుటుంబ చట్టం అన్నీ తలలో తాజాగా ఉండే సమయం అదే. ఎన్‌రోల్ అయ్యేనాటికి ఫలితం చేతిలో ఉంటే రెండేళ్ల గడువు బెంగే ఉండదు.

బ్యాక్‌లాగ్‌లు ఉన్నవారి సంగతి వేరు. మూడో సెమిస్టర్‌లో ఒక పేపరు, నాలుగో సెమిస్టర్‌లో ఒక పేపరు మిగిలిపోయి ఉంటే ముందు వాటి పని చూడాలి. పట్టా రాకపోతే బార్ పరీక్షలో వచ్చిన మార్కులకు విలువ ఉండదు, కట్టిన ఫీజు తిరిగి రాదు. యూనివర్సిటీ సప్లిమెంటరీ పరీక్షలు, బార్ పరీక్ష ఒకే నెలలో పడినప్పుడు సప్లిమెంటరీకే మొగ్గు చూపమని చెబుతాను.

జడ్జి పరీక్షలకు చదువుతున్నవారు

జూనియర్ సివిల్ జడ్జి కావాలనుకునేవారికి 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో లెక్క మారింది. ఆ పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని, ఆ మూడేళ్లను తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్కించాలని, బార్ పరీక్ష ఉత్తీర్ణత తేదీ నుంచి కాదని కోర్టు స్పష్టంగా చెప్పింది. దీన్ని చదివి, అయితే బార్ పరీక్షకు తొందర లేదన్నమాటే కదా అని కొందరు అనుకున్నారు. కోర్టు చెప్పిన మాటను తిరగేసి అర్థం చేసుకోవడమే ఇది. మూడేళ్ల లెక్క మొదలవడానికి ఎన్‌రోల్‌మెంట్ చాలు; అది మధ్యలో తెగకుండా ఉండాలంటే రెండేళ్లలోగా బార్ పరీక్ష పాసవ్వాలి. పైగా ప్రాక్టీసుకు ధ్రువపత్రం ఇవ్వవలసింది ప్రాక్టీసు చేసే కోర్టులోని ప్రధాన న్యాయాధికారి, లేదా పదేళ్ల అనుభవం గల న్యాయవాది; న్యాయవాది ఇచ్చినదాన్ని ఆ అధికారి ఆమోదించాలి. హక్కు నిలిచిపోయిన నెలల గురించి ఆ అధికారి ముందు వివరణ ఇచ్చుకునే పరిస్థితి ఎవరూ కొనితెచ్చుకోకూడదు. సిలబస్ పరంగా కూడా వీరికి ఇది అదనపు భారం కాదు. రాజ్యాంగం, సీపీసీ, క్రిమినల్ చట్టాలు, సాక్ష్యం, కాంట్రాక్టు, ఆస్తి బదిలీ రెండు పరీక్షలకూ ఉమ్మడి సరుకే.

ఉద్యోగంలో ఉన్నవారు

జీతం తీసుకునే పూర్తికాలపు ఉద్యోగి న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ నిబంధనల్లో 49వది చెబుతోంది. పంచాయతీరాజ్ శాఖలోనో బ్యాంకులోనో పనిచేస్తూ లాసెట్ రాసి పట్టా సంపాదించుకున్నవారు ఉద్యోగం వదిలేదాకా ఎన్‌రోల్ కాలేరు. ఎన్‌రోల్ కాకుండా ఈ పరీక్షతో పని ఉండదు. ఇలాంటివారు తొందరపడి ఉద్యోగ విషయం దాచి ఎన్‌రోల్ కావడం, తరువాత రెండు చోట్లా ఇబ్బంది పడటం అక్కడక్కడా వింటూనే ఉంటాం. వారికి ఉన్న మంచి దారి ఒకటే. ఉద్యోగం ఎప్పుడు వదలాలో ముందు తేల్చుకుని, ఆ తేదీకి సరిపోయేలా ఎన్‌రోల్‌మెంట్‌ను, దాని తరువాతి మొదటి పరీక్షను పెట్టుకోవాలి.

పని నేర్చుకున్నాక రాద్దామన్న వాదన

ఈ పరీక్ష విషయంలో ఎక్కువమందిని వెనక్కి లాగేది ఈ వాదనే కాబట్టి కొంచెం వివరంగా చూడాలి. సీనియర్ ఆఫీసులో మొదటి ఏడాది జూనియర్ చేసే పని ఏమిటి? ఉదయం కాజ్ లిస్టు (ఆ రోజు విచారణకు వచ్చే కేసుల జాబితా) చూసి డైరీలో వాయిదాలు రాయడం, కేసు పిలిచినప్పుడు సీనియర్ మరో కోర్టులో ఉన్నారని చెప్పి పాసోవర్ (కేసును కాసేపాగి పిలవమని) అడగడం, ఫైలింగ్ సెక్షన్ రిటర్న్ కొట్టిన కాగితాలలోని అభ్యంతరాలు సరిచేసి మళ్లీ వేయడం, సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టడం. ఇవన్నీ వృత్తికి ప్రాణం లాంటివి, వీటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ బార్ పరీక్షలోని వంద ప్రశ్నల్లో వీటి మీద వచ్చేవి దాదాపు ఉండవు. సివిల్ వైపు ఉన్న ఆఫీసులో చేరిన జూనియర్‌కు ఏడాది తిరిగేసరికి క్రిమినల్ చట్టాలు, క్రిమినల్ వైపు చేరినవారికి సీపీసీ, ఇద్దరికీ కంపెనీ చట్టం, పన్నుల చట్టం చెరిగిపోతాయి. పరీక్ష అడిగేది కాలేజీలో చదివిన పంతొమ్మిది విభాగాలను. అందుచేత ఆలస్యం చేసినకొద్దీ పట్టు పెరగదు, తగ్గుతుంది.

మార్కుల లెక్క చూస్తే ఎంత తయారీ కావాలో తెలుస్తుంది. వంద ప్రశ్నలు, మూడు గంటలు, తప్పు జవాబుకు మార్కులు కోయరు. పద్దెనిమిదో పరీక్ష నుంచి ఉత్తీర్ణతకు జనరల్, ఓబీసీ వర్గాలకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం కావాలి. రాజ్యాంగానికి 10, సీపీసీకి 10, క్రిమినల్ ప్రొసీజరుకు 10, శిక్షా చట్టానికి 8, సాక్ష్యానికి 8, కుటుంబ చట్టానికి 8, కాంట్రాక్టు–ఆస్తి బదిలీ–నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ విభాగానికి 8. ఇవే 62. వీటిలో అరవై శాతం సరిగ్గా రాసినా 37 వస్తాయి. మిగతా 38 ప్రశ్నలకు ఏమీ తెలియకుండా ఏదో ఒక జవాబుకు గుర్తు పెడుతూ పోయినా, నాలుగింట ఒకటి చొప్పున తొమ్మిది దాకా తగలవచ్చు. అది 46, అంటే గట్టు అంచు. అంచు మీద నిలబడకుండా ఉండాలంటే నాలుగేసి మార్కులున్న వృత్తి నియమాలు, ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం, ప్రజాప్రయోజన వ్యాజ్యం అనే మూడు చిన్న విభాగాలను ఒక్కో వారాంతంలో చదివేస్తే సరిపోతుంది. పన్నులు, కంపెనీ చట్టం మీద నెలలు ఖర్చుపెట్టడం దండగ. కోర్టుకు వెళుతూనే రోజుకు రెండు గంటల చొప్పున రెండు నెలలు చదవగలిగిన సగటు జూనియర్‌కు ఈ పరీక్ష అందుతుంది. పరీక్ష నవంబరు, డిసెంబరులలో పడితే దసరా సెలవులు కూడా కలిసివస్తాయి.

ఇంకొంచెం ఎక్కువ చదువుకోవలసిన ఒక వర్గం మాత్రం ఉంది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య అధినియం అమలులోకి వచ్చాయి. అంతకుముందు పాత చట్టాలతో కోర్సు పూర్తిచేసినవారు పాత సెక్షన్ల జ్ఞాపకంతో వెళితే దెబ్బ తింటారు. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడ్‌లో 482 అంటే కేసు కొట్టివేయమని హైకోర్టులో వేసే క్వాష్ పిటిషన్. కొత్త నాగరిక సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిలు, క్వాష్‌కు 528. ఎఫ్‌ఐఆర్ 154 నుంచి 173కి, హత్యకు శిక్ష 302 నుంచి 103కి, మోసం 420 నుంచి 318కి వెళ్లాయి. వీరికి కూడా కావలసింది ఒక పరీక్షను వదిలెయ్యడం కాదు, రెండు నెలలకు బదులు మూడు నెలల ముందు మొదలుపెట్టడం. ఇటీవలి పరీక్షల్లో నోట్స్ లేని బేర్ యాక్టులను (చట్టం మూలపాఠం మాత్రమే ఉండే పుస్తకాలను) లోపలికి అనుమతించారు కనుక, కొత్త చట్టాల బేర్ యాక్టులు కొనుక్కుని వాటితోనే చదివితే పరీక్ష హాలులో పేజీ వెతుక్కోవడానికి కూడా చేయి అలవాటు పడుతుంది. పుస్తకం ఉంది కదా అని నిశ్చింతగా వెళ్లకూడదు. ప్రశ్నకు రెండు నిమిషాలకు మించి సమయం రాదు.

ఎప్పుడు వాయిదా వేయడం న్యాయం

ప్రసవం, శస్త్రచికిత్స, ఇంట్లో తీవ్రమైన అనారోగ్యం, ఎల్‌ఎల్‌ఎం ఆఖరి పరీక్షలు అదే వారంలో పడటం వంటివి సరైన కారణాలు, అయితే మీ గడువులో ఇంకొక పరీక్ష మిగిలి ఉన్నప్పుడే. పూర్తిగా చదవలేదన్నది సరైన కారణం కాదు. తప్పితే పోయేది ఫీజు, ఒక ఆదివారం. ఇటీవలి పరీక్షలకు ఫీజు జనరల్, ఓబీసీలకు 3,500, ఎస్సీ ఎస్టీలకు 2,500 రూపాయలు. నెలకు నామమాత్రపు స్టైపెండ్ మీద బతికే జూనియర్‌కు అది చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. అయినా హక్కు నిలిచిపోయిన నెలల్లో పోయే సంపాదనతో, కక్షిదారుకు చెప్పుకోవలసిన సంజాయిషీతో పోలిస్తే అది తక్కువే.

దరఖాస్తులో రెండు విషయాలు మళ్లీ మార్చుకోవడం కష్టం కనుక ముందే తేల్చుకోవాలి. ఒకటి భాష. ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఉంటుంది. మీరు బేర్ యాక్టు ఏ భాషలో చదువుతారో ఆ భాషనే ఎంచుకోండి, మాట్లాడే భాషను బట్టి కాదు. రెండోది కేంద్రం. ముందురోజు రాత్రి బస్సులో కూర్చుని పొద్దున్నే పరీక్ష రాయడం కంటే, దగ్గరి బంధువుల ఇల్లున్న నగరాన్ని ఎంచుకోవడం మేలు.

ఫలితం వచ్చాక ఉత్తీర్ణత పత్రాన్ని ముద్రించుకుని ఎన్‌రోల్‌మెంట్ ఫైలులో పెట్టుకోండి. అసలు సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ రాష్ట్ర బార్ కౌన్సిల్ ద్వారా వస్తుంది, దానికి మరికొంత సమయం పడుతుంది. అది చేతికి రాగానే పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు అక్షరం అక్షరం సరిచూసుకుని, తేడా ఉంటే అదే వారంలో సవరణకు దరఖాస్తు పెట్టండి. ఒకటి రెండు మార్కులతో తప్పినవారు పునఃపరిశీలనకు అడగవచ్చు. కొన్నిసార్లు తప్పు ప్రశ్నలను తొలగించి మార్కులు లెక్కగడతారు కనుక ఆఖరి జవాబుల కీని ఒకసారి చూసుకోవడం అవసరం. ఎక్కువ తేడాతో తప్పినవారు మాత్రం పునఃపరిశీలన ఫీజును దాచుకుని, తరువాతి నోటిఫికేషన్‌కు రిజిస్ట్రేషన్ తెరిచిన మొదటి వారంలోనే కట్టేయాలి.